ఏ పరీక్ష రాయాలి, ఏది వదలాలి: ఇంటర్ విద్యార్థికి రెండేళ్ల ప్రణాళిక

ఇంటర్మీడియట్ తర్వాతి చదువుకు బోర్డు పరీక్ష ఒక్కటే చాలదు. ఎంపీసీ విద్యార్థి ముందు జేఈఈ మెయిన్, జేఈఈ అడ్వాన్స్‌డ్, ఏపీ ఈఏపీసెట్ వరసగా నిలబడతాయి. బైపీసీ వాళ్లకు నీట్ ఉంటుంది, ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం ఉంటుంది. సీఈసీ, ఎంఈసీ వాళ్లకు క్లాట్, సీయూఈటీ, సీఏ ఫౌండేషన్. రేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖపట్నంలో పెరిగిన పిల్లలకు వీటికి తోడు ఐఎంయూ సెట్, ఎన్‌డీఏ పేర్లు కూడా చెవిన పడుతుంటాయి. ఇవన్నీ బాగా రాయగలిగిన విద్యార్థి ఉండడు, ఉండాల్సిన అవసరమూ లేదు. అందుకే ప్రణాళికలో మొదటి పని పేర్లు కొట్టేయడం. తేదీల సంగతి ఆ తర్వాత.

సీటు నుంచి పరీక్షకు

చాలా ఇళ్లలో లెక్క తలకిందులుగా మొదలవుతుంది. కనిపించిన దరఖాస్తులన్నీ పెట్టేసి, ర్యాంకులు వచ్చాక కాలేజీ వెతుక్కుంటారు. సరైన వరస దీనికి ఎదురుగా ఉంటుంది. చదవాలనుకున్న కోర్సు, ఆ కోర్సు ఉన్న కాలేజీ, ఆ కాలేజీలో సీటు ఇచ్చే పరీక్ష అని ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీసి నింపితే, సగం పరీక్షలు వాటంతటవే రాలిపోతాయి.

విశాఖ చుట్టుపక్కల సీట్లనే చూస్తే ఈ మాట తేలికగా తెలుస్తుంది. 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్‌కు నీట్ తప్ప వేరే దారి లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ, మధురవాడలోని గాయత్రి విద్యా పరిషత్, సంగివలసలోని అనిల్ నీరుకొండ, దువ్వాడలోని విజ్ఞాన్ వంటి కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లు ఈఏపీసెట్ ర్యాంకుతో నిండుతాయి. 2016లో నగరానికి వచ్చిన పెట్రోలియం, ఇంధన సంస్థ ఐఐపీఈ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు అడుగుతుంది. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ ప్రాంగణంలో ఓడల డిజైన్ చదవాలంటే ఐఎంయూ సెట్ రాయాలి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం క్లాట్ ర్యాంకు చూస్తుంది. గీతం తన పరీక్ష తానే పెట్టుకుంటుంది. కాస్త దూరం వెళితే తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి జేఈఈ మెయిన్, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో డిగ్రీకి సీయూఈటీ, శ్రీకాకుళం జిల్లా నైరా వ్యవసాయ కాలేజీకి బైపీసీ వాళ్ల ఈఏపీసెట్ కావాలి.

ఈ జాబితాలోంచి ఒక ప్రధాన పరీక్షను, దానికి ఒక తోడు పరీక్షను ఎంచుకోవాలి. తోడు పరీక్షకు ఉండాల్సిన లక్షణం ఒక్కటే: ప్రధాన పరీక్షకు చదివిన చదువే దానికీ పనికి రావాలి. జేఈఈ మెయిన్‌కు ఈఏపీసెట్ సహజమైన తోడు. నీట్‌కు బైపీసీ ఈఏపీసెట్ అలాంటిదే. క్లాట్‌కు సీయూఈటీలోని ఇంగ్లీషు, జనరల్ టెస్టు దగ్గర. పూర్తిగా వేరే సిలబస్ ఉన్న మూడో పరీక్ష కావాలనుకుంటే ఒక్కదానితో ఆగాలి. జేఈఈకి, క్లాట్‌కి ఒకేసారి చదవడం రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే.

కొన్నిసార్లు ఒక పరీక్ష ర్యాంకు ఇంకో తలుపు కూడా తీస్తుంది. నౌకాదళంలో ఇంటర్ తర్వాత చేరే బీటెక్ క్యాడెట్ ఎంట్రీకి ప్రత్యేక రాత పరీక్ష ఉండదు. జేఈఈ మెయిన్ ర్యాంకు చూసి ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఈ సంగతి ముందే తెలిసిన విద్యార్థికి ఒక దరఖాస్తు, కొన్ని వారాల చదువు మిగులుతాయి.

అమెరికాలో డిగ్రీ చదవాలనుకునే కొద్దిమందికి లెక్క వేరు. సబ్జెక్టు వారీగా జరిగే శాట్ సబ్జెక్ట్ టెస్టులను కాలేజ్ బోర్డు 2021లో ఎత్తేసింది. మిగిలిన శాట్‌లో ఇంగ్లీషు, గణితం మాత్రమే ఉంటాయి. అందువల్ల పాత పుస్తకాలు, పాత సలహాలు చూసి ఫిజిక్స్, కెమిస్ట్రీ టెస్టులకు తయారు కావడం వృథా శ్రమ.

పరీక్షల తీరు

సిలబస్‌లు కలిసినా పరీక్షల తీరు కలవదు. ముందుగా చూడాల్సింది వేగం. 2025 నమూనా ప్రకారం జేఈఈ మెయిన్‌లో 180 నిమిషాలకు 75 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 144 సెకన్లు. ఈఏపీసెట్‌లో అదే 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. ప్రశ్నకు 67 సెకన్ల పైచిలుకు. నీట్‌లో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు కాబట్టి నిమిషానికి ఒకటి. సీయూఈటీలో ఒక్కో సబ్జెక్టుకు గంటలో 50, క్లాట్‌లో రెండు గంటల్లో 120. జేఈఈకి అలవాటు పడ్డ చెయ్యి ఈఏపీసెట్‌లో నెమ్మదిగా కదులుతుంది. లెక్క వచ్చినా సగం పేపరు మిగిలిపోవడానికి ఇదే కారణం.

రెండోది తప్పు జవాబుకు పడే కోత. జేఈఈ మెయిన్, నీట్‌లలో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు పోతుంది. సీయూఈటీలో 5 వస్తాయి, ఒకటి పోతుంది. క్లాట్‌లో ఒకటి వస్తుంది, పావు పోతుంది. ఈఏపీసెట్‌లో కోత లేదు. కాబట్టి ఆ పరీక్షలో ఖాళీగా వదిలిన ప్రతి ప్రశ్నా నష్టమే.

మూడోది రాసే విధానం. నీట్ కాగితం మీద జరుగుతుంది, ఓఎంఆర్ షీటులో పెన్నుతో గడులు నింపాలి. జేఈఈ, ఈఏపీసెట్, సీయూఈటీ కంప్యూటర్ మీద. ఏ తెర మీద ఏ ప్రశ్న ఉందో, గుర్తు పెట్టుకున్న ప్రశ్నకు తిరిగి ఎలా వెళ్లాలో పరీక్ష హాలులో నేర్చుకోవడం కుదరదు. నీట్ రాసేవాళ్లు 180 గడులు నింపడానికి పట్టే సమయాన్ని కూడా మూడు గంటల్లోనే కలిపి లెక్కేసుకోవాలి.

నాలుగోది భాష. జేఈఈ మెయిన్, నీట్, సీయూఈటీ తెలుగులోనూ రాయవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఇది మంచి అవకాశమే. అయితే అనువాదంలో తేడా కనిపిస్తే ఇంగ్లీషు ప్రశ్నే తుది అని నిబంధన ఉంటుంది కాబట్టి, సాంకేతిక పదాలు రెండు భాషల్లోనూ తెలిసి ఉండాలి. ఉష్ణ ప్రతిబలం అన్న మాట చదివినప్పుడు థర్మల్ స్ట్రెస్ కూడా గుర్తుకు రావాలి.

ఒకే పాఠం, నాలుగు ప్రశ్నలు

ఒక పాఠాన్ని నాలుగు పరీక్షలు నాలుగు రకాలుగా అడుగుతాయి. ఉక్కు నగరానికి తగ్గ ఉదాహరణే తీసుకుంటే, ఉష్ణ వ్యాకోచం పాఠం సరిపోతుంది.

బోర్డు పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న: రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారు? ఎండకు ఉక్కు పొడవు పెరుగుతుందని, ఖాళీ లేకపోతే పట్టాలు వంగిపోతాయని రెండు వాక్యాల్లో రాయాలి. అక్షరం, వరస, పాఠ్యపుస్తకంలోని పదం, అన్నిటికీ విలువ ఉంటుంది.

ఈఏపీసెట్ తరహాలో అదే పాఠం ఒక సూత్రం అవుతుంది. 10 మీటర్ల ఉక్కు పట్టా ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే పొడవు ఎంత పెరుగుతుంది? ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి 0.000012. దాన్ని 10తో, 30తో గుణిస్తే 0.0036 మీటర్లు, అంటే 3.6 మిల్లీమీటర్లు. నలభై సెకన్లలో తేలిపోవాలి.

జేఈఈ మెయిన్ తరహాలో ఆ పట్టాను రెండు చివరలా కదలకుండా బిగిస్తారు. పెరగనివ్వకపోతే లోపల ప్రతిబలం పుడుతుంది. యంగ్ గుణకం చదరపు మీటరుకు 20,000 కోట్ల న్యూటన్లు అనుకుంటే, ప్రతిబలం చదరపు మీటరుకు 7.2 కోట్ల న్యూటన్లు. అడ్డుకోత వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లయితే బలం 72,000 న్యూటన్లు. ఇక్కడ రెండు పాఠాలు కలిశాయి. ప్రమాణాలు మార్చడంలో పొరపాటు చేస్తే జవాబు పదింతలు మారుతుంది. జవాబును అంకెగా టైపు చెయ్యాల్సిన ప్రశ్నయితే ఊహకు చోటు లేదు.

నీట్ తరహాలో ఆలోచన ముఖ్యం, గుణకారం తక్కువ. ఒక ఇత్తడి కడ్డీ, ఒక ఉక్కు కడ్డీ పొడవుల మధ్య తేడా ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా 5 సెంటీమీటర్లే ఉండాలంటే వాటి పొడవులెంత? రెండూ ఒకే కొలతలో పెరగాలి కాబట్టి, పొడవును గుణకంతో గుణించిన విలువ రెండింటికీ సమానం కావాలి. ఇత్తడి గుణకం 0.000018 అయితే ఉక్కు, ఇత్తడి పొడవులు 3కు 2 నిష్పత్తిలో ఉంటాయి. జవాబు 15, 10 సెంటీమీటర్లు.

ప్రతి పాఠం ముగిసిన రోజునే ఈ నాలుగు రకాల్లో తన పరీక్షలకు పనికొచ్చే రెండు మూడు రకాలు చేసి పెట్టుకున్న విద్యార్థికి, తోడు పరీక్ష కోసం విడిగా చదవాల్సింది దాదాపు ఏమీ మిగలదు. బోర్డుకు ఒకసారి, జేఈఈకి ఇంకోసారి, ఈఏపీసెట్‌కు మరోసారి అంటూ అదే పాఠాన్ని మొదటి పేజీ నుంచి చదివేవాళ్లకు రెండేళ్లు చాలవు.

ఇంటర్ మార్కుల బరువు

పోటీ పరీక్ష వస్తే ఇంటర్ మార్కులు ఎందుకని అనుకోవడం మామూలే. లెక్క మరోలా చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ర్యాంకుకు పరీక్ష మార్కులు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులు 25 శాతం. కోవిడ్ కాలంలో ఆపిన ఈ వెయిటేజీని 2023లో మళ్లీ తెచ్చారు. తెలంగాణలో దీన్ని తీసేశారు కాబట్టి అక్కడి బంధువుల సలహా ఇక్కడ పనికిరాదు.

ఎంపీసీలో రెండేళ్ల గ్రూపు మార్కులు, ప్రాక్టికల్స్‌తో కలిపి, 600. ఒక విద్యార్థికి ఈఏపీసెట్‌లో 160కి 100, గ్రూపులో 570 వచ్చాయనుకుంటే, మొదటిదానికి 46.875, రెండోదానికి 23.75, మొత్తం 70.625. ఇంకొకరికి ఈఏపీసెట్‌లో 108 వచ్చి, గ్రూపులో 480 దగ్గర ఆగితే 50.625, 20 కలిపి అదే 70.625. అంటే గ్రూపులో పోయిన 90 మార్కులను ఈఏపీసెట్‌లో 8 ప్రశ్నలతో పూడ్చుకోవచ్చు. కానీ పరీక్ష హాలులో ఆ అదనపు 8 ప్రశ్నలు సంపాదించడం కన్నా, పాఠ్యపుస్తకం చదివి బోర్డు పరీక్షలో మార్కులు నిలబెట్టుకోవడం చాలామందికి సులువు. ఏ వైపు శ్రమ పెట్టాలో ఎవరి బలాన్ని బట్టి వాళ్లు తేల్చుకోవాలి.

ఎన్‌ఐటీ, ఐఐటీ ప్రవేశాలకు ఇంకో గీత ఉంది. జేఈఈలో ర్యాంకు వచ్చినా, ఇంటర్‌లో 75 శాతం మార్కులు గాని, బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో చోటు గాని ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 65 శాతం. ఈ గీతకు కాస్త పైన ఉండటం చాలు అనుకుని భాషల పేపర్లను పూర్తిగా వదిలేయడం అపాయం. మొదటి ఏడాది మార్కులు తగ్గితే మే నెలలో సప్లిమెంటరీతో పాటు జరిగే ఇంప్రూవ్‌మెంట్ రాయవచ్చు, కానీ ఆ వేసవి రెండో ఏడాది చదువుకు పోవాల్సిన వేసవి అని మర్చిపోకూడదు.

ఒక సంవత్సరం క్యాలెండర్

తేదీలు ఏటా కొద్దిగా జరుగుతుంటాయి, వరస మాత్రం పెద్దగా మారదు. 2024-25 విద్యా సంవత్సరం దీనికి మంచి నమూనా. 2024 డిసెంబరు 1న క్లాట్ జరిగింది. 2025 జనవరి 22 నుంచి 30 వరకు జేఈఈ మెయిన్ మొదటి సెషన్. మార్చి 1 నుంచి 20 వరకు ఇంటర్ బోర్డు పరీక్షలు. ఏప్రిల్ 2 నుంచి 9 వరకు జేఈఈ మెయిన్ రెండో సెషన్. ఏప్రిల్ 13న ఎన్‌డీఏ. మే 4న నీట్. మే 13 నుంచి సీయూఈటీ. మే 18న జేఈఈ అడ్వాన్స్‌డ్. మే 19, 20 తేదీల్లో ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ. 21 నుంచి 27 వరకు ఇంజనీరింగ్.

ఈ వరసలోనే ప్రణాళిక దాగి ఉంది. బోర్డు పరీక్షలు ముగిసిన తర్వాత జేఈఈ రెండో సెషన్‌కు దొరికింది రెండు వారాల లోపే. మార్చిలో వ్యాసరూప జవాబులు రాసిన చెయ్యి ఏప్రిల్ మొదటి వారంలో మళ్లీ బహుళైచ్ఛిక ప్రశ్నలకు తిరగాలి. అడ్వాన్స్‌డ్ రాసిన మూడో రోజే ఈఏపీసెట్ ఇంజనీరింగ్ మొదలైంది. ఆరు గంటల అడ్వాన్స్‌డ్ తర్వాత వేగం మార్చుకోవడానికి దొరికేది అంతే.

దీన్నిబట్టి వెనక్కి లెక్కిస్తే నాలుగు గడువులు తేలతాయి. ఒకటి, మొదటి ఏడాది సిలబస్ ఆ వేసవిలోనే ఒకసారి పూర్తిగా తిరగేసి ఉండాలి. ప్రవేశ పరీక్షలో దాదాపు సగం ప్రశ్నలు దానిలోంచే వస్తాయి, ఏడాదిన్నర తర్వాత చూస్తే అది కొత్త పుస్తకంలా ఉంటుంది. రెండు, రెండో ఏడాది సిలబస్ డిసెంబరు మధ్యకు పూర్తి కావాలి. మూడు, ఫిబ్రవరి, మార్చి బోర్డుకే కేటాయించాలి. పోటీ పరీక్షల సాధన రోజుకు గంటకు తగ్గినా ఫర్వాలేదు, పూర్తిగా ఆగిపోకూడదు. నాలుగు, మే నెలలో కొత్త పాఠం ఏదీ మొదలుపెట్టకూడదు.

జనవరి ఫలితం ఒక మలుపు. రెండు సెషన్లలో మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు కాబట్టి జనవరి పరీక్షను నిజమైన ప్రయత్నంగానే రాయాలి. 2025లో అడ్వాన్స్‌డ్‌కు అర్హత గీత జనరల్ విభాగంలో 93.10 పర్సంటైల్, ఓబీసీలకు 79.43. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదని గుర్తుంచుకోవాలి. రాసినవాళ్లలో నూటికి ఎంతమంది ఆ విద్యార్థితో సమానంగా గాని, తక్కువగా గాని ఉన్నారో చెప్పే అంకె అది. జనవరిలో గీతకు దగ్గరగా వచ్చినవాళ్లు ఏప్రిల్ మీద ఆశ పెట్టుకోవచ్చు. చాలా కింద ఆగినవాళ్లు బలాన్నంతా బోర్డు, ఈఏపీసెట్ మీదికి మళ్లించడం మేలు. ఎంత వస్తే ఏం చెయ్యాలన్నది డిసెంబరులోనే కాగితం మీద రాసి ఉంచితే, ఫలితం వచ్చిన రోజు ఇంట్లో వాదన జరగదు.

లాంగ్ టర్మ్ నిర్ణయం కూడా ముందే ఆలోచించాల్సిందే. జేఈఈ మెయిన్ వరసగా మూడేళ్లు, అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లు మాత్రమే రాయనిస్తారు. నీట్‌కు ప్రయత్నాల పరిమితి లేదు. అందువల్లే బైపీసీలో ఒక ఏడాది రెండేళ్లై, మూడేళ్లై సాగుతుంది. ఎన్నిసార్లు రాయాలన్న హద్దు ఇంట్లోనే పెట్టుకోవాలి.

వారం, రోజు

కాలపట్టిక ఇంటి తీరుకు సరిపోవాలి. ఉక్కునగరం, కూర్మన్నపాలెం, గాజువాక ఇళ్లలో చాలా చోట్ల రోజును షిఫ్టు నడుపుతుంది. ఎ షిఫ్టు వారంలో నాన్న తెల్లవారకముందే లేస్తాడు, ఇల్లంతా లేస్తుంది. ఆ వారం పొద్దుటి గంటన్నర గట్టి చదువుకు మంచిది. సి షిఫ్టు వారంలో ఆయన రాత్రి పనిచేసి పగలు నిద్రపోతాడు. ఆదివారం మాక్ టెస్టు ఇంట్లో రాయడానికి నిశ్శబ్దం ఉంటుంది, పైకి చదివే పాఠాలకు మాత్రం వేరే చోటు చూసుకోవాలి. బి షిఫ్టు వారంలో ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది, భోజనాలు ఆలస్యమవుతాయి. ఒకే కాలపట్టిక ఏడాదంతా గోడకు అంటించే బదులు, షిఫ్టుకు ఒకటి చొప్పున మూడు రాసుకున్న ఇల్లు తక్కువ తడబడుతుంది.

కాలేజీ, ట్యూషన్, బస్సు ప్రయాణం పోగా సొంత చదువుకు రోజుకు మూడు నుంచి నాలుగు గంటలు మిగిలితే మంచి లెక్కే. దాన్ని మూడు ముక్కలు చేయవచ్చు: ఆ రోజు పాఠంలోని లెక్కలు, గత వారం పాఠం తిరగేయడం, పాత ప్రశ్నపత్రంలోంచి కొంత భాగం. బస్సులో, షేర్ ఆటోలో గడిచే సమయానికి సూత్రాల చీటీలు, రసాయన చర్యలు, జీవశాస్త్ర పటాలు సరిపోతాయి. అక్కడ కొత్త లెక్కలు పెట్టుకోకూడదు.

నెలకు నాలుగు వారాలుంటే మూడింటికే పని కేటాయించి, నాలుగోది ఖాళీగా ఉంచాలి. జ్వరం, పెళ్లి, పండగ, కాలేజీ పరీక్షలు దాన్ని ఎలాగూ నింపుతాయి. తీర నగరానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆన్‌లైన్ పాఠాల మీదే ఆధారపడ్డ కాలపట్టికకు అలాంటి వారం వస్తే పూర్తిగా పోయినట్టే. ముఖ్యమైన నోట్సు కాగితం మీద ఉండాలి.

మాక్ టెస్టు, తప్పుల పుస్తకం

మాక్ టెస్టును అసలు పరీక్ష వేళకే రాయాలి. జేఈఈ ఉదయం షిఫ్టు తొమ్మిదికి మొదలవుతుంది, నీట్ మధ్యాహ్నం రెండింటికి. రోజూ రాత్రి పదకొండుకు చురుగ్గా ఉండే విద్యార్థి, భోజనం చేసిన మధ్యాహ్నం మూడు గంటలు నిలబడగలడో లేదో మే నెలలో తెలుసుకోవడం ఆలస్యమే.

టెస్టు రాయడానికి ఎంత సమయం పట్టిందో, దిద్దుకోవడానికీ అంతే పట్టాలి. దీనికి విడిగా ఒక పుస్తకం పెట్టి, ప్రతి తప్పునూ నాలుగు పేర్లలో ఒకదాని కింద రాయాలి: పాఠమే రానిది, పాఠం వచ్చి లెక్కలో జారింది, ప్రశ్న సరిగా చదవనిది, సమయం చాలనిది. మొదటి రకానికి మందు పుస్తకం. రెండోదానికి రోజూ పది లెక్కలు కాగితం మీద పూర్తిగా చేయడం. మూడోదానికి 'కానిది ఏది' వంటి మాటల కింద గీత పెట్టే అలవాటు. నాలుగోదానికి ప్రశ్నల వరస మార్చుకోవడం. నెలాఖరుకు ఏ పేరు కింద ఎక్కువ తప్పులున్నాయో చూస్తే, వచ్చే నెల పని ఏమిటో ఎవరినీ అడగక్కర్లేదు.

ఊహించి పెట్టడం గురించి కూడా లెక్క తెలిసి ఉండాలి. నాలుగు ఐచ్ఛికాలున్న జేఈఈ, నీట్ ప్రశ్నలో కళ్లు మూసుకుని పెడితే, నాలుగింటికి ఒకటి తగిలి 4 మార్కులు వస్తాయి, మూడు పోతాయి. సగటున ప్రశ్నకు పావు మార్కు లాభం, అంటే దాదాపు ఏమీ లేనట్టే. అదృష్టం బాగోకపోతే నష్టమే. రెండు ఐచ్ఛికాలను కచ్చితంగా కొట్టేయగలిగితే మాత్రం సగటు లాభం ఒకటిన్నర మార్కులు. అందుకే ఊహ అన్నది కొట్టేయడం వచ్చినవాళ్ల పనిముట్టు. అంకె టైపు చెయ్యాల్సిన ప్రశ్నలో ఊహ వల్ల పోయేదే ఉంటుంది.

కాగితాలు

ర్యాంకు వచ్చి కూడా సీటు చేజారడానికి తరచూ కారణం కాగితాలు. తెలుగు వాళ్లలో మొదటి చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా విప్పి ఉంటుంది, ఇంకో కార్డులో పేరుకు చివర వస్తుంది. దరఖాస్తులో పేరు, పుట్టిన తేదీ సరిపోలకపోతే ప్రతి పరీక్షకూ కొత్త తలనొప్పే. మొదటి ఏడాది దసరా సెలవుల్లోనే మెమోను, ఆధార్‌ను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకుంటే, దిద్దించుకోవడానికి ఏడాది దొరుకుతుంది.

రెండోది కుల ధ్రువీకరణ. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఈఏపీసెట్‌లో బీసీ రిజర్వేషన్ వర్తించే విద్యార్థికి జేఈఈలో అది వర్తించకపోవచ్చు. కేంద్ర జాబితాలో ఉన్నా, నాన్ క్రీమీలేయర్ పత్రం కేంద్రం నిర్ణయించిన నమూనాలోనే తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరానికి కట్టుబడి ఉంటుంది కాబట్టి, కౌన్సెలింగ్ నాటికి ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న కొత్త పత్రం కావాలి. సచివాలయంలో గాని, మీసేవలో గాని దరఖాస్తు పెట్టి, చేతికి వచ్చేవరకు వెంటపడాలి.

రుసుములు కూడా చిన్నవి కావు. 2025లో జనరల్ విభాగం అబ్బాయికి జేఈఈ మెయిన్ ఒక్క సెషన్‌కు 1,000 రూపాయలు, జనరల్ విద్యార్థికి నీట్‌కు 1,700, ఓసీ విద్యార్థికి ఈఏపీసెట్‌కు 600, క్లాట్‌కు 4,000. రాయని పరీక్షకు కట్టిన రుసుము వెనక్కి రాదు. అన్ని దరఖాస్తుల్లోనూ ఒకే ఫోన్ నంబరు, ఒకే మెయిల్ ఇవ్వాలి. అవి ఇంటర్నెట్ సెంటర్ వాళ్లవి కాకుండా ఇంట్లో ఎప్పటికీ ఉండేవి కావాలి. ఓటీపీలు, సీటు కేటాయింపు సమాచారం అక్కడికే వస్తాయి.

పరీక్ష రోజు, ఆ తర్వాత

విశాఖ పొడవైన నగరం. కంప్యూటర్ పరీక్షల కేంద్రాలు చాలావరకు ఊరి అంచుల్లోని ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉంటాయి. కూర్మన్నపాలెం పిల్లలకు సంగివలస వైపు కేంద్రం పడితే దారి నలభై కిలోమీటర్లు దాటుతుంది. జాతీయ రహదారి మీద గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం కూడళ్లన్నీ దాటాలి. ముందు రోజు అదే వేళకు ఒకసారి వెళ్లి చూసి రావడం మంచి అలవాటు. గేటు మూసే సమయం హాల్ టికెట్ మీద ఉంటుంది, పరీక్ష మొదలయ్యే సమయం వేరు. ఆలస్యానికి మినహాయింపు ఉండదు.

ఫలితం వచ్చాక మిగిలింది కౌన్సెలింగ్. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లకు జోసా. ఈఏపీసెట్‌కు రాష్ట్ర కన్వీనర్ వెబ్ ఆప్షన్లు. ఎంబీబీఎస్‌లో ప్రభుత్వ కాలేజీల 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు, మిగిలినవి విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా. ఈఏపీసెట్ సీట్లలో 85 శాతం స్థానికులకు. విశాఖలో చదువుకున్నవాళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తారు. దీన్ని రుజువు చేసేవి స్టడీ సర్టిఫికెట్లే కాబట్టి చదివిన ప్రతి బడి నుంచీ వాటిని తీసి ఉంచుకోవాలి.

వెబ్ ఆప్షన్లలో వరస ముఖ్యం. వస్తుందో రాదో అన్న లెక్క వదిలి, నిజంగా కావాల్సిన కాలేజీ, బ్రాంచి మొదట పెట్టాలి. ర్యాంకుకు అందే వాటిలో జాబితాలో పైన ఉన్నదే కేటాయిస్తారు కాబట్టి, పైన ఆశగా పెట్టిన పేరు కింది అవకాశాన్ని తినేయదు. రెండేళ్ల కిందట మూడు గడులుగా గీసిన తెల్లకాగితం దాచి ఉంటే, ఆప్షన్ల జాబితాకు అదే మొదటి ప్రతి అవుతుంది.